పైత్యపు రాతిలో దొరికిన పదార్థం: మిషెల్ యూజెన్ షెవ్రూల్ జీవితం

ఉర్దూలో 'జిగర్' అన్న మాటకున్న గౌరవం తెలుగులో 'కాలేయం' అన్న మాటకు దక్కలేదు. ప్రాణస్నేహితుణ్ణి జిగరీ దోస్త్ అంటారు. సాహసవంతుణ్ణి జిగర్ గలవాడంటారు. తెలుగువారు గుండెధైర్యం అంటారే గాని కాలేయధైర్యం అనరు. కాలేయాన్ని తలచుకునేది కామెర్లు వచ్చినప్పుడు, లేదా మాంసం దుకాణంలో కార్జం అడిగినప్పుడు. ఈ భేదం ఊరకే కలగలేదు. యునానీ వైద్యానికి ఆధారమైన 'అల్ ఖానూన్' గ్రంథంలో ఇబ్న్ సీనా రక్తం, కఫం, సఫ్రా, సౌదా అనే నాలుగు ద్రవాలకూ కాలేయమే పుట్టిల్లని చెప్పారు. సఫ్రా అంటే పచ్చని పైత్యరసం. 1628లో విలియం హార్వే రక్తప్రసరణను నిరూపించిన తరువాత శరీరసామ్రాజ్యంలో సింహాసనం గుండెకు పోయి, కాలేయం వంటశాలకు పరిమితమైంది. ఆ గుండెకు రక్తం తెచ్చే ధమనులు పూడిపోకుండా ఉండటంలో కాలేయానిదే పెద్ద బాధ్యత అని శాస్త్రజ్ఞులు గ్రహించడానికి మరి మూడు శతాబ్దాలకు పైగా పట్టింది.

ఆ గ్రహింపుకు మొదటి మెట్టు వేసిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు మిషెల్ యూజెన్ షెవ్రూల్. మేము తెలుగు బోధించేవారం. రసాయనశాస్త్రం మా విషయం కాదు. అయినా 'కొలెస్టరాల్' అన్నది నేడు రైతు నుండి రాష్ట్రాధికారి వరకు అందరి నోటా నలిగే మాట. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎవరు పెట్టారు అని అడిగే అధికారం భాషాధ్యాపకునికి ఎప్పుడూ ఉంటుందని మా విశ్వాసం.

షెవ్రూల్ 1786 ఆగస్టు 31న ఫ్రాన్సు దేశపు పశ్చిమ భాగంలోని ఆంజె నగరంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. తల్లిదండ్రులిద్దరూ తొంభై ఏళ్ళు దాటి జీవించినవారే. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, తరువాత పనికివస్తుంది. ఆయనకు మూడేళ్ళు నిండకముందే ఫ్రెంచి విప్లవం బయలుదేరింది. ఏడేళ్ళ ప్రాయంలో ఇద్దరు యువతులను గిలొటిన్ మీద శిరచ్ఛేదం చేయడం కళ్ళారా చూశారని, ఆ దృశ్యాన్ని జీవితాంతం మరువలేదని చరిత్రకారులు చెబుతారు. చదువు సొంత ఊరిలోనే సాగింది. 17వ ఏట, 1803లో, పారిస్ చేరి నికొలా వోక్లాన్ అనే ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ప్రవేశించారు. వోక్లాన్ అప్పటికే క్రోమియం లోహాన్ని కనుగొని పేరు గడించిన ఆచార్యుడు. గురువుగారి కృపవల్ల రాజధానిలోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలతో షెవ్రూల్‌కు ఏర్పడిన అనుబంధం ఎనభై ఏళ్ళకు పైగా చెక్కుచెదరలేదు.

1811లో పరీక్ష నిమిత్తం ఒక సబ్బు ముక్క ఆయన చేతికి వచ్చింది. పంది కొవ్వును పొటాష్ క్షారంతో కాచి చేసిన సబ్బు అది. సబ్బును మానవుడు వేల ఏళ్ళుగా తయారు చేస్తున్నాడు; కాని కొవ్వు సబ్బుగా మారేటప్పుడు లోపల ఏమి జరుగుతుందో ఎవరికీ తెలియదు. కొవ్వూ క్షారమూ కలిసి ఒకటవుతాయని అందరి ఊహ. షెవ్రూల్ ఆ సబ్బుకు ఆమ్లం చేర్చి చూడగా ముత్యపు కాంతిగల స్ఫటికాలు ఏర్పడ్డాయి. అవి కొవ్వు కావు, ఆమ్లగుణం కలవి. ఆ ఒక్క ముక్క పన్నెండేళ్ళ పరిశ్రమకు దారి తీసింది. కొవ్వు అనేది ఒకే పదార్థం కాదని, కొన్ని ఆమ్లాలు తియ్యని ద్రవమొకదానితో కూడి ఉన్న సంయోగమని, సబ్బు చేయడమంటే ఆ కూటమిని విడగొట్టడమేనని ఆయన నిరూపించారు. ఆ తియ్యని ద్రవాన్ని ముందే షీలే కనుగొన్నా, దానికి గ్లిసరిన్ అని నామకరణం చేసినవారు షెవ్రూల్. స్టియరిక్, ఒలియిక్, బ్యూటిరిక్ ఆమ్లాలను వేరుచేసి పేర్లు పెట్టినదీ ఆయనే. 1823లో ఈ పరిశోధనలన్నీ జంతువుల కొవ్వులను గురించిన మహాగ్రంథంగా వెలువడ్డాయి.

ఆ పన్నెండేళ్ళ మధ్యలోనే మా కథకు మూలమైన ఘట్టం ఉన్నది. పిత్తాశయంలో పుట్టే రాళ్ళను మద్యసారంలో కరిగించి చల్లార్చితే తెల్లని మెరిసే పొరలు తేలుతాయని 18వ శతాబ్దంలోనే పులెతియే ద లా సాల్ అనే వైద్యుడు గమనించారు. ఆ తరువాత ఫుర్‌క్రువా అనే ఉద్దండుడు వచ్చి, ఆ పొరలనూ, తిమింగిలపు తలలోని మైనాన్నీ, సమాధులు తవ్వినప్పుడు శవాలపై కనిపించిన మైనపు పదార్థాన్నీ ఒకే గాటన కట్టారు. మూడూ తెల్లనివే, మూడూ జిడ్డుగా ఉండేవే, కనుక మూడూ ఒకటే అన్నారు. పెద్దలు చెప్పిన మాట కాబట్టి అందరూ అంగీకరించారు.

షెవ్రూల్ అంగీకరించలేదు. ఆయన పద్ధతి అత్యంత సరళం. మూడింటినీ క్షారంతో కాచారు. శవపు మైనంలో కొవ్వు ఆమ్లాలు బయటపడ్డాయి. తిమింగిలపు మైనం కొంతవరకు సబ్బుగా మారింది. పైత్యపు రాతి పదార్థం మాత్రం గంటల తరబడి కాచినా మార్పు చెందలేదు. ఇక కరిగే వేడిమి: తిమింగిలపు మైనం 45 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల్లోనే నీరవుతుంది, రాతి పదార్థం అందుకు మూడింతలకు పైగా వేడి చేస్తే గాని కరగదు. శుద్ధమైన దానికి నేటి లెక్క సుమారు 148 డిగ్రీలు. కాబట్టి ఇది వేరు జాతి అని తేల్చి, 1815 ప్రాంతంలో గ్రీకు భాషలోని పైత్యం, ఘనం అనే అర్థాలనిచ్చే రెండు మాటలను సంధించి 'కొలెస్టరిన్' అని పేరు పెట్టారు. ఘనపైత్యం అని మనం తెలుగు చేసుకోవచ్చు. 1824లో అదే పదార్థం రాళ్ళలోనే గాక మనిషి పైత్యరసంలో కూడా సహజంగా ఉన్నదని చూపారు. 1859లో బెర్తెలో అది మద్యసారాల వర్గానికి చెందినదని నిరూపించిన మీదట ఆ పేరే కొలెస్టరాల్ అయింది.

మధుమేహ రోగి మూత్రంలోని చక్కెర ద్రాక్షపండులోని చక్కెరే అని చూపినది కూడా 1815లోనే, ఈయనే. నేటి రక్తపరీక్ష కాగితంలో జనం భయంతో వెదికే రెండు పంక్తులకూ ఒకే మనిషి ఒకే ఏడాదిలో సంబంధం కలిగి ఉండటం మాకు ఆశ్చర్యం గొలిపింది.

షెవ్రూల్ శ్రమ సామాన్యుల ఇంటికి మొదట చేరింది దీపంగా. ఆనాటి కొవ్వొత్తి నిజంగా పశువుల కొవ్వుతో చేసిన వత్తే. మన తెలుగు మాట ఆ జ్ఞాపకాన్ని నేటికీ మోస్తున్నది. అది పొగలు కక్కేది, దుర్వాసన కొట్టేది, వేసవిలో వంగిపోయేది. కొవ్వులోని స్టియరిక్ ఆమ్లాన్ని వేరుచేసి వత్తి చేస్తే తెల్లగా, గట్టిగా, పొగ లేకుండా వెలుగుతుందని గ్రహించి 1825లో గే లూసాక్‌తో కలిసి షెవ్రూల్ హక్కుపత్రం పొందారు. వ్యాపారంలో మాత్రం ఇద్దరూ విఫలులయ్యారు. లాభం 1830 తరువాత ద మిల్లీ అనే మరొకరికి దక్కింది. ఇందుకు ఆయన చింతించినట్లు కనబడదు.

1824లో ఆయన గోబెలిన్ అనే రాజకీయ నేతశాలలో అద్దకపు విభాగానికి అధ్యక్షులయ్యారు. నల్లరంగు సరిగా అద్దడం లేదని నేతగాండ్ర ఫిర్యాదు. షెవ్రూల్ పరీక్షించి, తప్పు రంగులో లేదనీ, పక్కనున్న రంగు వల్ల కన్ను మోసపోతున్నదనీ కనుగొన్నారు. దీనిపై 1839లో ఆయన ప్రకటించిన గ్రంథం చిత్రకారులకు ప్రమాణమైంది. సురా వంటివారు చుక్కల చిత్రాలు వేయడానికి అందులోని సూత్రాలే ప్రేరణ. తాడుకు కట్టిన లోలకం తనంతట తాను ఊగి రహస్యాలు చెబుతుందన్న నమ్మకాన్ని కూడా పరీక్షించి, కళ్ళకు గంతలు కట్టుకున్నప్పుడు అది ఊగడం మానుతుందనీ, మన చెయ్యే మనకు తెలియకుండా కదులుతుందనీ ఆయన ప్రకటించారు. 1826లో విజ్ఞాన పరిషత్తు సభ్యత్వం, 1830లో గురువు వోక్లాన్ అనంతరం ఆయన పీఠం, 1857లో లండన్ రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం: గౌరవాలు వరుసగా లభించాయి. వాటి జాబితా ఇక్కడ అనవసరం.

షెవ్రూల్ పేరు పెట్టి వదిలిన పదార్థం తరువాత ఏమైందన్నదే మాకు ముఖ్యం. అది రాళ్ళలోనే గాక జబ్బుపడిన ధమనుల గోడల్లోనూ ఉన్నదని 19వ శతాబ్దపు వైద్యులు చూశారు. 1910లో జర్మనీకి చెందిన విండౌస్, జబ్బుపడిన బృహద్ధమనిలో అది సాధారణ ధమనిలో కంటే ఎన్నో రెట్లు అధికంగా ఉన్నదని లెక్కగట్టారు. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్టరాల్ తినిపించి వాటి ధమనులను పూడ్చి చూపారు. అప్పటి నుండి అది లోకానికి శత్రువైంది. న్యాయంగా చూస్తే ఈ అపకీర్తి పూర్తిగా తగదు. మన ప్రతి కణపు పొరలో అది ఉన్నది. కొన్ని హార్మోనులకూ, డి విటమినుకూ అదే ముడిసరుకు. అధికభాగాన్ని మన శరీరమే తయారు చేసుకుంటుంది, అందులో కాలేయం వాటా ముఖ్యమైనది.

చిక్కంతా రవాణాలో ఉన్నది. కొలెస్టరాల్ నీటిలో కరగదు, రక్తమేమో నీటిమయం. అందువల్ల అది మాంసకృత్తులతో చేసిన సూక్ష్మమైన బండ్లలో ప్రయాణించాలి. 1950 ప్రాంతంలో అమెరికాలో గోఫ్‌మన్ అతివేగంగా తిరిగే యంత్రంతో ఈ బండ్లను సాంద్రతను బట్టి వేరుచేశారు. తక్కువ సాంద్రత గలవి ఎల్.డి.ఎల్., ఎక్కువ సాంద్రత గలవి హెచ్.డి.ఎల్. మొదటివి సరుకును శరీరమంతటా పంచుతాయి. ఎక్కువైతే ధమనుల గోడల్లోకి చొరబడి అక్కడే దిగబడతాయి. రెండవవి వెనుకకు మోసుకువస్తాయి. వీటినే జనం చెడ్డ కొలెస్టరాల్, మంచి కొలెస్టరాల్ అంటున్నారు. ఈ మాటలు మాకు రుచించవు. రెండింటిలోనూ ఉన్నది షెవ్రూల్ చూసిన ఆ ఒక్క పదార్థమే. భేదం బండిలో ఉన్నది, అది వెళ్ళే దిశలో ఉన్నది.

వెనుకకు వచ్చే బండి ప్రయాణాన్ని కొంచెం వివరిస్తాము. కాలేయమూ చిన్నప్రేగూ ఒక మాంసకృత్తును తయారుచేసి దాదాపు ఖాళీగా రక్తంలోకి వదులుతాయి. ధమని గోడలో కొలెస్టరాల్‌ను మింగి ఉబ్బిపోయిన భక్షక కణాలుంటాయి. ఆ కణపు పొరలో ఒక ద్వారం ఉన్నది. దాని గుండా కొలెస్టరాల్ ఈ ఖాళీ బండిలోకి చేరుతుంది. రక్తంలోని ఒక ఎంజైము దానికి కొవ్వు ఆమ్లాన్ని తగిలించి బండి గర్భంలోకి నెడుతుంది. ఇలా నిండిన బండి కాలేయానికి చేరగానే అక్కడి కణాలపై ఉన్న ఎస్.ఆర్.బి.1 అనే గ్రాహకం సరుకును మాత్రం దించుకొని, బండిని మళ్ళీ రక్తంలోకి వదిలివేస్తుంది. రైలుబండిని ఉంచుకోకుండా ధాన్యపు బస్తాలు దించుకునే స్టేషను వంటిది కాలేయం. ఇది గాక మరొక దారి కూడా ఉన్నది: హెచ్.డి.ఎల్. తన సరుకులో కొంత మధ్యదారిలోనే ఎల్.డి.ఎల్.కు అప్పగిస్తుంది, దానిని కాలేయం వేరే గ్రాహకాలతో లోనికి లాక్కుంటుంది. ఆ రెండవ గ్రాహకాల పరిశోధనకే 1985లో బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అనే వైద్యులకు నోబెల్ బహుమతి లభించింది.

దించిన సరుకును కాలేయం ఏమి చేస్తుంది? కొంత భాగాన్ని పైత్యామ్లాలుగా మారుస్తుంది. రోజుకు సుమారు అర గ్రాము ఇలా మారుతుంది. మరికొంతను యథాతథంగా పైత్యరసంలోకి వదులుతుంది. పైత్యామ్లాలలో 95 శాతం వరకు చిన్నప్రేగు చివర మళ్ళీ పీల్చబడి కాలేయానికే తిరిగివస్తాయి. మిగిలినవి మలంతో పోతాయి. కొలెస్టరాల్‌ను పెద్ద ఎత్తున బయటికి పంపడానికి శరీరానికి ఉన్న ప్రధాన మార్గం ఇదే, ఎందుకంటే దానిని దహించి బూడిద చేసే శక్తి మన కణాలకు లేదు. పైత్యరసంలో కొలెస్టరాల్ మోతాదు మించి, దాన్ని కరిగించి ఉంచే పైత్యామ్లాలు చాలకపోతే పిత్తాశయంలో స్ఫటికాలు కట్టి రాళ్ళవుతుంది. షెవ్రూల్ చేతికి వచ్చిన రాయి ఇదే. అంటే ఆయన ఆ పదార్థాన్ని దాని ప్రయాణపు ఆఖరి మజిలీలో పట్టుకున్నారన్నమాట. అది ఎక్కడి నుండి వచ్చిందో తెలుసుకునే సాధనాలు ఆ కాలంలో లేవు.

ఈ దారి మూసుకుపోతే ఏమవుతుందో తెలియజేసినది ఒక చిన్న ద్వీపం. అమెరికాలో చెసపీక్ అఖాతంలోని టాంజియర్ ద్వీపపు బాలుడొకనికి గొంతులోని టాన్సిళ్ళు నారింజ రంగులో కనిపించాయి. 1961లో ఫ్రెడ్రిక్‌సన్ బృందం పరీక్షించగా అతని రక్తంలో హెచ్.డి.ఎల్. దాదాపు లేదు, కణాలలో కొలెస్టరాల్ పేరుకుపోయింది. ఇందుకు కారణం మేము పైన చెప్పిన కణద్వారాన్ని నిర్మించే జన్యువులో లోపమని 1999లో తేలింది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్న విషయం ఒకటి ఉన్నది. మా అధ్యాపకుల గదిలో రక్తపరీక్ష కాగితాలు చేతులు మారుతుంటాయి, హెచ్.డి.ఎల్. అంకె పెద్దగా ఉన్నవారు నిశ్చింతగా బిర్యానీకి కూర్చుంటారు. హెచ్.డి.ఎల్. ఎక్కువ ఉన్నవారికి గుండెజబ్బు తక్కువగా వస్తుందని 1970ల నాటి పరిశీలనలు చెప్పిన మాట నిజం. కాని ఆ అంకెను మందుతో పెంచితే మేలు కలుగుతుందా? టార్సెట్రాపిబ్ అనే మందు హెచ్.డి.ఎల్.ను సుమారు 70 శాతం పెంచింది. అయినా తీసుకున్నవారిలో మరణాలు పెరగడంతో 2006 డిసెంబరులో పరీక్షను ఆపివేశారు. 2016లో మరింత విచిత్రమైన సంగతి వెలువడింది. కాలేయంలోని ఎస్.ఆర్.బి.1 గ్రాహకం పుట్టుకతోనే చెడిపోయిన కొద్దిమందిలో హెచ్.డి.ఎల్. చాలా ఎక్కువగా ఉన్నది. గుండెజబ్బు ప్రమాదం కూడా ఎక్కువగానే ఉన్నది. బండ్లు నిండుగా ఉన్నాయి, దించుకునే స్టేషను మూతపడింది. వీధిలో నిలిచిన బండ్లను లెక్కించి సంతోషించడం ఎట్లు? అంకె కంటే ప్రవాహం ప్రధానం, ఆ ప్రవాహపు తాళం కాలేయం చేతిలో ఉన్నది. అందుకే నేటి వైద్యులు ఎల్.డి.ఎల్.ను తగ్గించడంపైనే ముఖ్యంగా దృష్టి నిలుపుతున్నారు. స్టాటిన్ మందులు పనిచేసేది కూడా కాలేయంలోనే: అవి అక్కడి తయారీని తగ్గించగా, కాలేయం తన అవసరానికి గ్రాహకాలను పెంచి రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లాగుకుంటుంది.

హెచ్.డి.ఎల్. తక్కువగా ఉండటం మన దేశస్థులలో తరచుగా కనిపించే లక్షణం. పొగతాగడం దానిని తగ్గిస్తుంది, వ్యాయామం కొద్దిగా పెంచుతుంది. కాలేయంలో కొవ్వు పేరుకున్నవారిలోనూ అది తగ్గి ఉండటం సాధారణం. నూనెలను గట్టిపరచి చేసే వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వులు ఎల్.డి.ఎల్.ను పెంచి హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తాయి. 2022 జనవరి నుండి మన దేశంలో నూనెలు, కొవ్వులలో వాటి పరిమితి 2 శాతం. షెవ్రూల్ పేరు పెట్టిన ఒలియిక్ ఆమ్లమే ఆ తయారీలో సగం మారి ఇట్టి కొవ్వులలో ఒకటి అవుతుందని తెలిస్తే ఆయన ఏమనుకునేవారో!

షెవ్రూల్ చివరి రోజులకు వస్తాము. 1870-71 శీతకాలంలో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించి ఫిరంగులు పేల్చినప్పుడు ప్రదర్శనశాల తోటలో గుండ్లు పడ్డాయి. 84 ఏళ్ళ వృద్ధుడు పారిపోక, సంస్థాధిపతిగా ఆ చర్యను లోకం ముందు ఖండించారు. 1879లో ఆధిపత్యం విడిచినా ప్రయోగశాల విడువలేదు. తనను ఫ్రాన్సు విద్యార్థులందరిలోకీ పెద్దవాడిగా చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. 1886లో నూరేళ్ళ పండుగను దేశమంతా జరుపుకున్నది, పతకం ముద్రించారు. ఛాయాచిత్రకారుడు నాడార్ ఆయనతో సంభాషించగా, నాడార్ కుమారుడు ఆ సంభాషణ సాగుతుండగానే ఫోటోలు తీశాడు. పత్రికల చరిత్రలో బొమ్మలతో కూడిన మొదటి ముఖాముఖి ఇదేనంటారు.

ద్రాక్షతోటల సీమలో పుట్టినా ఆయన మద్యం ముట్టలేదు. ఈ నియమమే ఆయనకు శతాయువు నిచ్చిందని చెప్పడం మాబోటి అధ్యాపకులకు ఎంతో అనుకూలం. కాని తల్లిదండ్రులు తొంభై దాటిన సంగతి ముందే చెప్పాము. వంశంలోని ఆయుష్షును పక్కనపెట్టి నియమానికే కిరీటం పెట్టడం న్యాయం కాదు. ఆయన రక్తంలో కొలెస్టరాల్ ఎంత ఉన్నదో కొలిచే విధానం ఆ కాలానికి పుట్టలేదు.

ఆయన మరణానికి సుమారు ఏడాది ముందు, 1888లో, ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు రైనిట్సర్ కొలెస్టరాల్‌లో 27 కర్బన, 46 ఉదజని, 1 ఆమ్లజని పరమాణువులున్నాయని నిర్ధారించారు. ఆ ప్రయత్నంలోనే ద్రవస్ఫటికాలు బయటపడ్డాయి. తరువాతి కాలంలో గడియారాల, టెలివిజన్ల తెరలు అట్టి ద్రవస్ఫటికాల నుండే వచ్చాయి.

1889 మార్చి 31న పారిస్‌లో ఐఫెల్ గోపురాన్ని ప్రారంభించారు. దానిపై చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లలో షెవ్రూల్ పేరు ఉన్నది. గోపురం వెలిసిన తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 9న, 102 ఏళ్ళ ఏడు నెలల వయస్సులో ఆయన కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో నోత్ర్ దామ్ మందిరంలో అంత్యక్రియలు జరిపి, పారిస్ పొరుగున ఉన్న లాయ్ గ్రామంలో ఖననం చేశారు.